రూజ్‌వెల్ట్‌ను చెన్నైలో కూర్చుని చదవాలంటే ఒక్క వారం పట్టుకోండి

యుద్ధకాలపు అమెరికా ప్రెసిడెంట్ గురించి అసలు కాగితాల నుంచే తెలుసుకోవాలని ఉత్సాహపడేవాళ్ళలో చాలామంది మొత్తం యుద్ధాన్ని ఒకేసారి ఎత్తుకుంటారు, రెండు నెలలకి వదిలేస్తారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విషయంలో ఇంకా తొందరగా వదిలేస్తారు. 1933 మార్చి నుంచి 1945 ఏప్రిల్ 12న చనిపోయేదాకా ఆయనే ప్రెసిడెంట్, న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లో ఉన్న ఆయన లైబ్రరీలో కాగితాలు ఒక కోటీ డెబ్బై లక్షల పేజీలని ఆ లైబ్రరీవాళ్ళే చెబుతారు. రోజుకి వంద పేజీలు చదివినా మన మునిమనవల మునిమనవలకి కూడా ఇంకా మిగిలే ఉంటాయి.

అందుకని నేను చెప్పే పద్ధతి ఒకటే. ఒక వారం తీసుకోండి. ఆ వారంలో ఆయన బల్ల మీదకి వచ్చిన కాగితాలు, ఆ బల్ల మీంచి బయటికి వెళ్ళినవి, ఆయన్ని ఆ రోజుల్లో దగ్గర నుంచి చూసినవాళ్ళు రాసుకున్నవి, ఆయన గురించి బయట జనానికి తెలిసినవి, ఈ నాలుగూ తారీఖుల వారీగా, వీలైతే గంటల వారీగా పక్కపక్కన పెట్టుకుని చదవండి. ముందు ఒక జీవితచరిత్ర చదివితే మంచిదే, ఎవరెవరో తెలుస్తుంది, కానీ సన్నటిది చాలు. వెయ్యి పేజీలది చదివారంటే ఆ రచయిత అభిప్రాయం తలకెక్కి కూర్చుంటుంది, తర్వాత ఏ కాగితం తీసినా అదే కనబడుతుంది.

ఏ వారం అంటే, తెలుగువాళ్ళం, అందులోనూ మద్రాసులో ఉంటున్నవాళ్ళం కాబట్టి, 1942 ఏప్రిల్ 4 నుంచి 12 దాకా తీసుకోమంటాను. వారం కంటే రెండు రోజులు ఎక్కువే, పర్వాలేదు. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి, 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని చాలావరకు ఊరొదిలి వెళ్ళిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో బ్రిటన్ పంపిన మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ ఇండియా స్వపరిపాలన మీద కాంగ్రెస్ నాయకులతో బేరసారాలు నడుపుతున్నాడు, ఆ బేరం మధ్యలోకి ఏప్రిల్ 3న లూయీ జాన్సన్ అనే మనిషి దిగాడు. ఈయన అంతకుముందు అమెరికా యుద్ధశాఖలో అసిస్టెంట్ సెక్రటరీ, ఇప్పుడు రూజ్‌వెల్ట్ సొంత ప్రతినిధి. మన తాతల నోట విన్న కథా, వైట్ హౌస్ ఫైలూ ఒకే తారీఖు దగ్గర కలిసే చోటు ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

ముందు ఇంట్లో కూర్చునే దొరికేవి చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి, అంటే లింకన్ కాలం నుంచి, తన ఉత్తరప్రత్యుత్తరాలని ‘ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్’ అనే వరస సంపుటాలుగా అచ్చు వేస్తోంది. అవన్నీ ఆ శాఖ చరిత్రకారుల ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. 1942 మొదటి సంపుటంలో ఇండియా మీద పెద్ద భాగమే ఉంది, మొదట అక్కడికే వెళ్ళండి. టెలిగ్రామ్ పైన అది ఏ ఊరు నుంచి ఏ తారీఖున ఏ టైముకి బయలుదేరిందో, వాషింగ్టన్‌లో ఏ టైముకి అందిందో ఉంటుంది. చాలామంది ఈ రెండో టైము చూడకుండా విషయంలోకి దూకేస్తారు. చూడాలి, ఎందుకో కింద చెబుతాను. ఫైల్ నంబర్ కూడా ఉంటుంది, 845.01 అని మొదలైతే అది ఇండియా ప్రభుత్వ వ్యవహారాల ఫైలు. ఆ నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి, రేపు అచ్చుకాని కాగితం కోసం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌కి మెయిల్ పెట్టాలంటే అదే మీ చేతిలో ఉన్న అడ్రస్.

రెండోది హైడ్ పార్క్ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్. ఆయన సెక్రటరీ దగ్గర విడిగా దాచిన ఫైళ్ళు, మ్యాప్ రూమ్ (వైట్ హౌస్‌లోని యుద్ధ సమాచార గది) కాగితాలు, ప్రెస్ మీట్ల రికార్డులు, ఉపన్యాసాల చిత్తుప్రతులు స్కాన్ చేసి పెట్టారు. వీటితో పాటు ‘డే బై డే’ అని ఒక క్యాలెండర్ ఉంది, వైట్ హౌస్ ద్వారపాలకుల పుస్తకం, స్టెనోగ్రాఫర్ డైరీ లాంటివాటి నుంచి ఏ రోజు ఆయన్ని ఎవరు ఎన్నింటికి కలిశారో అందులో చూడొచ్చు. మీ వారం తాలూకు పేజీలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మిగతావన్నీ ఆ క్యాలెండర్ మీద గుచ్చాల్సినవే. మూడోది శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళ ‘అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్ట్’. బహిరంగంగా చెప్పినవి, సంతకం పెట్టినవి అందులో వెతకడం తేలిక. వాట్సాప్‌లోనో ఏఐ చాట్‌లోనో ‘రూజ్‌వెల్ట్ ఇలా అన్నాడు’ అని ఒక ముత్యం లాంటి వాక్యం వస్తే నేను మొదట చూసేది ఇక్కడే. తారీఖు, చోటు దొరకని వాక్యం ఎంత అందంగా ఉన్నా నా నోట్సులోకి రాదు.

వెతకడంలో చిన్న చిట్కాలు. 1942 కాగితాల్లో మన ఊళ్ళ పేర్లు బ్రిటిష్‌వాళ్ళ స్పెల్లింగ్‌లోనే ఉంటాయి, విశాఖపట్నం ‘విజగపటం’ అని, కాకినాడ ‘కోకనాడ’ అని. ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికి ఏమీ రావడం లేదని నిరుత్సాహపడకండి. అలాగే రూజ్‌వెల్ట్ పంపిన రహస్య టెలిగ్రాముల్లో చర్చిల్ పేరు ఉండదు, ‘ఫార్మర్ నేవల్ పర్సన్’ అని ఉంటుంది, చర్చిల్ ఒకప్పుడు నేవీ మంత్రి కాబట్టి వచ్చిన ముద్దుపేరు. స్కాన్ చేసిన టైపు కాగితాల్లో సర్చ్ సగం అక్షరాలు తప్పు చదువుతుంది, కాబట్టి పేరుతో దొరక్కపోతే తారీఖుతో పేజీలు తిప్పడం తప్ప వేరే దారి లేదు. విసుగే, కానీ అనుకోని కాగితాలు దొరికేది కూడా అలా తిప్పుతున్నప్పుడే.

ఇక చదవడం. ప్రతి కాగితానికీ నేను ఐదు విషయాలు రాసుకుంటాను: రాసింది ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారు, అవతలివాడు ఎప్పుడు చదివాడు, ఈ కాగితం మన దాకా ఎలా వచ్చింది. మొదటిది చాలా తేలిక అనిపిస్తుంది, కష్టమంతా అక్కడే ఉంది. ఆదివారాలు పెరంబూరులో మేం కొందరం కూర్చుని చదువుకుంటాం, అక్కడ ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు, ‘అన్నా, కింద సంతకం ఆయనదే కదా, మరి ఆయన రాసినట్టే కదా?’ అని. కాదు నాయనా. రూజ్‌వెల్ట్ పేరుతో చర్చిల్‌కి వెళ్ళిన వాటిలో చాలా వాటికి చిత్తు రాసింది ఆయన ఆంతరంగిక సలహాదారు హ్యారీ హాప్కిన్స్, ఆయన సైనిక సలహాదారు అడ్మిరల్ లేహీ, సైన్యాధిపతి జనరల్ మార్షల్ దగ్గరి సిబ్బంది, విదేశాంగ శాఖవాళ్ళు. వారెన్ కింబల్ సంపాదకత్వంలో 1984లో మూడు సంపుటాలుగా వచ్చిన రూజ్‌వెల్ట్-చర్చిల్ ఉత్తరాల్లో, తెలిసినంతవరకు ఏ చిత్తు ఎవరిదో, ప్రెసిడెంట్ చేత్తో ఏం మార్చాడో నోట్ ఉంటుంది. ఆయన మనసు తెలిసేది ఆ చేతిరాత మార్పుల్లోనే. తానే కూర్చుని చెప్పి రాయించిన ఉత్తరానికి ఒక విలువ, అధికారులు రాసి తెస్తే ‘ఓకే’ అని పొడి అక్షరాలు గీకిన దానికి ఇంకో విలువ. రెండూ ఆయన నిర్ణయాలే, కానీ రెండోదాన్ని పట్టుకుని ఆయన మనస్తత్వం విశ్లేషించడం మొదలుపెడితే మీరు ఎవరో గుమస్తా మనస్తత్వాన్ని విశ్లేషిస్తున్నట్టే.

చిత్తుప్రతి ఎలా చదవాలో నేర్చుకోవడానికి అందరికీ దొరికే నమూనా 1941 డిసెంబర్ 8 ఉపన్యాసం, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన మర్నాటిది. డిసెంబర్ 7న ఆయన తన సెక్రటరీ గ్రేస్ టలీకి చెప్పి టైపు చేయించిన మొదటి చిత్తు ఆన్‌లైన్‌లో ఉంది. ‘ప్రపంచ చరిత్రలో నిలిచిపోయే రోజు’ అని ఉన్నచోట పెన్సిల్‌తో ‘ప్రపంచ చరిత్ర’ కొట్టేసి, ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ ‘అపకీర్తి’ మాట పెట్టింది ఆయనే. ఉపన్యాసాలు రాసిపెట్టే మనుషులు ఎందరున్నా ఈ మార్పు ఎవరిదో వాదించుకోవాల్సిన పని లేదు, కాగితమే చెబుతోంది. ఆయన సభలో చేత్తో పట్టుకుని చదివిన ప్రతి మాత్రం ఆ రోజు అక్కడే వదిలేసి వెళ్ళాడు, అది సెనేట్ ఫైళ్ళలో చేరి 1984 దాకా ఎవరి కంటా పడలేదు. కాబట్టి ఒక ఉపన్యాసానికి చిత్తు, చదివిన ప్రతి, రేడియో రికార్డింగ్, తర్వాత అచ్చయిన పాఠం అని నాలుగు రూపాలు ఉంటాయి. మీరు ఏది చూసి రాస్తున్నారో ప్రతిసారీ రాసుకోండి.

మన వారానికి వద్దాం. కథ మార్చి 10న మొదలవుతుంది, అందుకే కాస్త వెనక్కి వెళ్ళి ఆ ఒక్క టెలిగ్రామ్ చదివి రండి. అందులో రూజ్‌వెల్ట్ చర్చిల్‌కి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో అమెరికా రాష్ట్రాలు తాత్కాలిక ఏర్పాటుతో ఎలా గడిపాయో చెప్పి, ఇండియాలో కూడా అలాంటి తాత్కాలిక ప్రభుత్వం ఒకటి పెట్టి చూడొచ్చు కదా అని చాలా జాగ్రత్తగా, ఇది నా పని కాదంటూనే సలహా ఇస్తాడు. ఇప్పుడు ఏప్రిల్ 4. ఢిల్లీలో దిగి ఒక్క రోజైనా సరిగా కాని జాన్సన్, ప్రెసిడెంట్ స్వయంగా చర్చిల్‌తో మాట్లాడాలని టెలిగ్రామ్ కొడతాడు. ప్రెసిడెంట్ ఇంకా వ్యక్తిగతంగా కలగజేసుకోవడం మంచిది కాదని జవాబు వస్తుంది. 9న లండన్‌లో హాప్కిన్స్, జాన్సన్ ఈ బేరంలో ప్రెసిడెంట్ తరఫున మధ్యవర్తిత్వం చేయడం లేదని చర్చిల్‌కి చెబుతాడు. 10న క్రిప్స్ ప్రతిపాదనని మన కాంగ్రెస్ పార్టీ కాదంది. ఇక 11న ఏం జరిగిందో చూడండి: రూజ్‌వెల్ట్ హాప్కిన్స్ ద్వారా చర్చిల్‌కి ఒక టెలిగ్రామ్ పంపి, క్రిప్స్‌ని అప్పుడే వెనక్కి రానివ్వకు, ఇంకోసారి ప్రయత్నించు అంటాడు, సంగతి చెడడానికి కారణం బ్రిటిష్ ప్రభుత్వం స్వపరిపాలన ఇవ్వడానికి ఒప్పుకోకపోవడమేనని అమెరికాలో జనం అనుకుంటున్నారని కూడా అంటాడు. అది చర్చిల్ చేతికి అందేసరికి అర్ధరాత్రి దాటి 12వ తారీఖు వచ్చేసింది, క్రిప్స్ ఢిల్లీలో ప్రయాణం కట్టేశాడు.

చూశారా, రెండు రోజుల కింద ‘మా ప్రెసిడెంట్‌కి సంబంధం లేదు’ అన్న మనిషి చేతుల మీదుగానే ప్రెసిడెంట్ సంబంధం పెట్టుకున్నాడు. ఏ ఒక్క కాగితం చదివినా మీకు తప్పు చిత్రమే వస్తుంది. 9వ తారీఖుది మాత్రమే చదివితే రూజ్‌వెల్ట్‌కి మన గోల పట్టలేదు, 11వది మాత్రమే చదివితే మన స్వాతంత్ర్యం కోసం చర్చిల్‌తో పోట్లాడాడు. అందుకే టైములు చూడమన్నది. ఆలస్యంగా వచ్చిన ఆ టెలిగ్రామ్ నిజంగా ఏదైనా మారుస్తుందని అనుకునే పంపాడా, లేక పంపినట్టు రికార్డులో ఉంటే చాలనుకున్నాడా అనే ప్రశ్న ఆ గంటల లెక్క వేస్తేనే పుడుతుంది. లెక్క వేసేటప్పుడు మీ ఫోన్‌లోని వరల్డ్ క్లాక్ పనికిరాదు. 1942 ఫిబ్రవరి 9 నుంచి అమెరికా గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు, బ్రిటన్‌లోనూ ఇండియాలోనూ యుద్ధకాలంలో గడియారాలు మార్చారు. ఆ ఏడాది ఆ నెలలో ఎక్కడ ఎంత తేడా ఉందో ముందు కనుక్కోండి.

ఇదే చోట పంపని ఉత్తరం గురించి కూడా చెప్పాలి. 12న చర్చిల్ మొదట రాసుకున్న జవాబులో, ఇది నా ఒక్కడి సంగతే అయితే పదవి వదిలి ఇంట్లో కూర్చోవడానికి సిద్ధం అనే దాకా వెళ్ళాడు. అది పంపలేదు. పంపింది చాలా మెత్తగా ఉంటుంది, మన మధ్య తేడా వస్తే నా గుండె పగిలిపోతుంది అనే ధోరణిలో. రూజ్‌వెల్ట్‌కి అందింది ఈ రెండోదే, కానీ హాప్కిన్స్ ఆ రాత్రి పక్కనే ఉన్నాడు, చర్చిల్ కోపం ప్రత్యక్షంగా విన్నాడు. మరి రూజ్‌వెల్ట్‌కి తెలిసింది ఎంత? కాగితం మీద వచ్చింది ఒకటి, మనిషి మోసుకొచ్చింది ఇంకొకటి. తర్వాత సుమారు ఎనిమిదేళ్ళకి చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రూజ్‌వెల్ట్ 11న పంపిన ఆ టెలిగ్రామ్ అచ్చు వేసి, ప్రెసిడెంట్ బుర్ర ఇంకా జార్జి రాజు మీద తిరగబడ్డ పదమూడు కాలనీల దగ్గరే ఉందని ఎత్తిపొడిచాడు. అది కూడా మూలాధారమే, కాకపోతే 1942 ఏప్రిల్‌లో ఏం జరిగిందో దానికి కాదు, అప్పటికే రూజ్‌వెల్ట్ పోయి ఇండియా స్వతంత్రమయ్యాక చర్చిల్ ఆ రాత్రిని ఎలా గుర్తుంచుకోదల్చాడో దానికి.

మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, ఇండియా కాగితాలు చదివి చదివి ఆ వారమంతా వైట్ హౌస్‌లో ఇండియా గురించే మాట్లాడుకున్నారని అనుకోవడం. మీ క్యాలెండర్‌లో మిగతావి కూడా గుచ్చండి. ఏప్రిల్ 9న ఫిలిప్పీన్స్‌లో బటాన్ పడిపోయింది, అమెరికన్, ఫిలిప్పినో సైనికులు వేల సంఖ్యలో లొంగిపోయారు. హాప్కిన్స్, మార్షల్ లండన్ వెళ్ళింది క్రిప్స్ కోసం కాదు, యూరప్ మీద దండెత్తే ప్లాన్‌కి చర్చిల్‌ని ఒప్పించడానికి. టోక్యో మీద బాంబులు వేయబోయే విమానాలతో ఒక ఓడ ఏప్రిల్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి పసిఫిక్‌లో పోతోంది. ఇవన్నీ పక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఇది: రూజ్‌వెల్ట్ మన విషయంలో కలగజేసుకోవడం నాటకం కాదు, కానీ చర్చిల్‌తో చెడేంత దూరం వెళ్ళే ఉద్దేశం ఆయనకి ఏ రోజూ లేదు. మీకు ఇంకోలా అనిపించొచ్చు, అప్పుడు ఏ కాగితం చూసి అలా అనిపించిందో చూపించండి.

ఇంకో చిక్కు, ఈయన డైరీ రాయలేదు. జ్ఞాపకాలు రాసే టైము లేకుండానే పోయాడు. మీటింగుల్లో ఎవరైనా నోట్సు రాసుకుంటే నచ్చేది కాదు. 1940 ఆగస్టు నుంచి నవంబర్ దాకా కొన్నాళ్ళు ఆఫీసులో రహస్యంగా రికార్డు చేయించిన మాటలు కొన్ని గంటలు ఉన్నాయి, 1978లో గానీ బయటపడలేదు, ఆ తర్వాత అదీ లేదు. అందుకే చుట్టూ ఉన్నవాళ్ళ డైరీలే దిక్కు. యుద్ధశాఖ మంత్రి స్టిమ్సన్, ఖజానా మంత్రి మోర్గెంథా, కెనడా ప్రధాని మెకంజీ కింగ్, దూరపు చుట్టం డైసీ సక్లీ. మోర్గెంథాది హైడ్ పార్క్ సైట్‌లోనూ, కింగ్‌ది కెనడా ఆర్కైవ్స్ సైట్‌లోనూ చదవొచ్చు. సక్లీది ఆవిడ 1991లో పోయాక మంచం కింద పెట్టెలో దొరికింది. రూజ్‌వెల్ట్ ఒక్కొక్కరికి వాళ్ళు వినదల్చుకున్నది వినిపించే రకం, కాబట్టి ఒకే రోజు ఇద్దరి డైరీలు పొంతన లేకుండా ఉంటే ఎవరు అబద్ధం రాశారా అని తల బద్దలు కొట్టుకోకండి, ఇద్దరూ నిజమే రాసి ఉండొచ్చు.

ప్రెసిడెంట్ కాగితం లేకపోతే నిర్ణయమే లేదనుకునేవాళ్ళకి నేను చూపించేది 1942 ఫిబ్రవరి. పడమటి తీరంలో ఉన్న జపాన్ సంతతివాళ్ళని, దాదాపు లక్షా ఇరవై వేల మందిని, ఇళ్ళ నుంచి లేపి క్యాంపుల్లో పెట్టడానికి దారి వేసిన ఆర్డర్ నంబర్ 9066 మీద ఆయన ఫిబ్రవరి 19న సంతకం పెట్టాడు. ఆ ఆర్డర్ మొత్తం చదవండి, ఎక్కడా జపనీయులు అనే మాట లేదు. కొన్ని ప్రాంతాల నుంచి ‘ఎవరినైనా లేక అందరినీ’ తప్పించే అధికారం సైన్యానికి ఇస్తున్నాం, అంతే. అసలు నిర్ణయం ఫిబ్రవరి 11న ఫోన్‌లో జరిగిపోయింది. అది మనకి తెలిసేది స్టిమ్సన్ డైరీ నుంచి, ఆయన సహాయకుడు మెక్లాయ్ కింది అధికారికి చెప్పిన మాటల రికార్డు నుంచి: ప్రెసిడెంట్ మనకి స్వేచ్ఛ ఇచ్చాడు, వీలైనంత సబబుగా కానీయమన్నాడు అని. వీటి పక్కన అటార్నీ జనరల్ బిడిల్ అభ్యంతరాలు, ఈ జనం వల్ల పెద్ద ప్రమాదం లేదని 1941 చివర్లోనే వచ్చిన మన్సన్ రిపోర్టు పెట్టండి. తెలియక చేశాడు అనే మాట ఇక నిలవదు.

బహిరంగంగా మాట్లాడినవి చదివేటప్పుడు వేరే జాగ్రత్త కావాలి. రేడియో ప్రసంగాలు కోట్ల మందికి ధైర్యం చెప్పడానికి తయారుచేసినవి. 1942 ఫిబ్రవరి 23 ప్రసంగానికి ముందే జనాన్ని ప్రపంచ పటం దగ్గర పెట్టుకోమని చెప్పాడు, పటం విప్పి పెట్టుకునే వినండి. ప్రెస్ మీట్లు దాదాపు వెయ్యి ఉన్నాయి, నాకు వాటిల్లోనే మనిషి ఎక్కువ కనబడతాడు. ఏ మాట పేరు పెట్టి రాసుకోవచ్చో, ఏది పేరు లేకుండా వాడుకోవాలో, ఏది అసలు బయటికి పొక్కకూడదో ఆయన అక్కడికక్కడే చెప్పేవాడు. అంటే మర్నాటి పేపర్‌లో వచ్చింది, గదిలో జరిగినదానిలో ఒక ముక్క మాత్రమే. రికార్డులో నవ్వులు ఎక్కడ వచ్చాయో కూడా రాసి ఉంటుంది. ఇబ్బందైన ప్రశ్న వచ్చినప్పుడు తరచూ నవ్వు వస్తుంది, గమనించండి.

మన వైపు కాగితాలు కూడా కావాలి కదా. బ్రిటిష్ ప్రభుత్వం అచ్చు వేసిన అధికార బదిలీ పత్రాలు పన్నెండు సంపుటాలు, మొదటిదే క్రిప్స్ రాయబారం. వైస్రాయ్ లిన్లిత్‌గో జాన్సన్ గురించి లండన్‌కి ఏం ఫిర్యాదు చేశాడో అందులో చదివితే ఆ వారానికి ఇంకో ముఖం కనబడుతుంది. గాంధీగారి రచనల సంపుటాలు నెట్‌లో ఉన్నాయి. జూలై 1న ఆయన రూజ్‌వెల్ట్‌కి రాసిన ఉత్తరం, అమెరికన్ జర్నలిస్టు లూయీ ఫిషర్ చేత పంపింది, అందులోనే. థోరో, ఎమర్సన్‌ల వల్ల తను ఎంత లాభపడ్డారో చెప్పి మొదలుపెట్టిన ఆ ఉత్తరాన్నీ, ఆగస్టు 1 తారీఖుతో ఉన్న జవాబునీ, ఆగస్టు 9 అరెస్టునీ వరసగా పెట్టుకోండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌వాళ్ళ ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో 1942 ఫైళ్ళు కొన్ని స్కాన్ చేసి ఉన్నాయి, ఓపిక కావాలి.

చెన్నైలో కాళ్ళు కదిపి వెళ్ళాల్సినవి ముఖ్యంగా ఎగ్మోరులో ఉన్నాయి. పాంథియన్ రోడ్డులో మ్యూజియం ఆవరణలో కన్నెమరా లైబ్రరీ, పాత పుస్తకాల సెక్షన్ అడగండి. గాంధీ ఇర్విన్ రోడ్డులో తమిళనాడు ఆర్కైవ్స్, మద్రాసు ప్రభుత్వం పాత ఫైళ్ళు అక్కడే, పరిశోధన అని దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి, కాబట్టి మొదటి రోజే ఫైలు చేతికొస్తుందని ఆశ పెట్టుకోకండి. అన్నా సాలై మీద కాన్సులేట్‌లో అమెరికన్ లైబ్రరీ ఉంది, ముందు ఫోన్ చేసి టైములు, లోపలికి ఏం తీసుకెళ్ళనిస్తారో కనుక్కుని వెళ్ళండి. 1942లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసు నుంచే వచ్చేవి. ప్రెస్ అకాడమీవాళ్ళు స్కాన్ చేసిన పాత ఆంధ్రపత్రిక సంచికలు దొరికితే ఏప్రిల్ 7 తర్వాతవి తిప్పండి. ఒక్కటి గుర్తుంచుకోండి, అప్పుడు యుద్ధకాలపు సెన్సార్ ఉంది. పేపర్ చూసి వాషింగ్టన్‌లో ఏం జరిగిందో రాయలేం, మద్రాసులో అరుగు మీద కూర్చున్న మనిషికి ఎంత తెలిసిందో రాయగలం. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని కొలవడానికే పేపర్.

ఈ వారం అయ్యాక ఇంకో జత కాగితాలు పట్టుకోవాలనుకుంటే బెంగాల్ కరువు తర్వాతివి తీసుకోండి. 1944 ఏప్రిల్ 29న చర్చిల్ రూజ్‌వెల్ట్‌కి రాశాడు, ఆస్ట్రేలియా నుంచి ఇండియాకి గోధుమలు తేవడానికి అమెరికా ఓడలు ఇప్పించమని. జూన్ 1న జవాబు వెళ్ళింది, సానుభూతి ఉంది కానీ ఓడలు ఇవ్వలేమని. ఆ జవాబు చిత్తు ఎవరు రాశారో, సైనికాధికారులు ఏం చెప్పారో ముందు వెతకండి, జవాబు వెళ్ళిన ఐదు రోజులకి నార్మండీలో సైన్యం దిగింది కాబట్టి ఆ నెల ఓడల లెక్కలు కూడా పక్కన ఉండాలి.